పదమూ పదార్థమూ

రామన్నపేట ప్రాంతంలో బోరుబావి మోటారు కాలిపోయిన రైతు నోట తరచుగా వినిపించే మాట ఒకటున్నది: “కరెంటు తక్కువొచ్చింది, మోటరు కాలిపోయింది.” విన్నవారికి విషయం బోధపడుతుంది, సానుభూతి కూడా కలుగుతుంది. కాని శాస్త్రదృష్టితో చూస్తే ఆ వాక్యంలో ఒక పదం తలకిందులై ఉన్నది. తక్కువైనది కరెంటు కాదు, వోల్టేజి. కరెంటు నిజానికి ఎక్కువైంది. ఎక్కువైనందువల్లనే వైండింగులోని రాగితీగ వేడెక్కి, దాని పైపూత మాడి, మోటారు కాలింది. ఒక్క పదం తారుమారైతే కారణమే తారుమారైంది. కారణం తెలియని చోట నివారణ దొరకటం కష్టం.

ఇందులో రైతు దోషమేమీ లేదు. పల్లెలో కరెంటు అనే ఒక్క మాటే సమస్త వ్యవహారాన్నీ మోస్తున్నది. దీపం ఆరిపోతే కరెంటు పోయింది. తీగ తగిలితే కరెంటు కొట్టింది. బిల్లు కట్టే చోటు కరెంటాఫీసు. నిత్యవ్యవహారానికి ఆ పొదుపు చాలును. కాని ఆ రైతుబిడ్డ ఉన్నత పాఠశాలలో చేరి విద్యుత్ ప్రవాహం, పొటెన్షియల్ భేదం, నిరోధం అనే మాటలు వల్లిస్తాడు. పదవ తరగతి దాటి పాలిటెక్నిక్కులో ఎలక్ట్రానిక్స్, కమ్యూనికేషన్ శాఖలో అడుగుపెడితే అవే వస్తువులు కరెంట్, వోల్టేజ్, రెసిస్టెన్స్ అనే ఇంగ్లీషు పేర్లతో ఎదురవుతాయి. ఇంటి కరెంటు, బడి విద్యుత్ ప్రవాహం, కళాశాల కరెంట్ ఈ మూడూ ఒకే వస్తువుకు పేర్లని, వాటిలో మొదటిది మాత్రం హద్దు మీరి అనేక వస్తువులకు పేరైనదని విడమరచి చెప్పేవారు లేకపోతే, ఆ విద్యార్థి మూడు దారుల కూడలిలో నిలిచిపోతాడు. పరీక్ష గట్టెక్కవచ్చును, మోటారు ఎందుకు కాలిందో మాత్రం తండ్రికి చెప్పలేడు.

పదార్థం అనే మాటలోనే పదమూ ఉన్నది, అర్థమూ ఉన్నది. పదానికి అర్థమైన వస్తువే పదార్థం. సాంకేతిక పదం తెలుగుదై ఉండాలా, సంస్కృతమైతే తగునా, ఇంగ్లీషును ఉన్నదున్నట్లు తీసుకోవచ్చునా అనే వివాదం చాలాకాలంగా నడుస్తున్నది. అంతకంటె ముందు అడగవలసిన ప్రశ్న వేరొకటి ఉన్నది. ఆ పదం లోపల ఉన్న బొమ్మను విద్యార్థికి ఎవరైనా చూపించారా, లేదా?

చెరువూ, తూమూ

తెలంగాణ మెట్టప్రాంతపు పిల్లలకు చెరువును గురించి కొత్తగా చెప్పనక్కరలేదు. చెరువులో నీటిమట్టం కాలువకంటె ఎంత ఎత్తున ఉన్నదో ఆ ఎత్తు తేడా వోల్టేజి వంటిది. తూము తీసినప్పుడు క్షణక్షణానికి ఎంత నీరు పారుతున్నదో అది కరెంటు వంటిది. తూము ఇరుకైతే నీరు తక్కువగా పారుతుంది. ఆ ఇరుకు నిరోధం వంటిది. తీగలో ఈ మూడింటికీ గల సంబంధాన్ని 1827లో జర్మన్ శాస్త్రజ్ఞుడు ఓమ్ ప్రకటించాడు. వోల్టేజి రెట్టింపైతే కరెంటు రెట్టింపవుతుంది. నిరోధం రెట్టింపైతే కరెంటు సగమవుతుంది. నిరోధానికి కొలమానం ఆయన పేరనే ఏర్పడింది. వోల్టుకు ఇటలీ దేశీయుడైన వోల్టా, ఆంపియరుకు ఫ్రెంచివాడైన ఆంపియర్ మూలపురుషులు. ఇటువంటి మాటలను అనువదించబూనటం వృథాశ్రమ. మనిషి పేరును ఎవరూ అనువదించరు గదా!

అయితే ప్రతి ఉపమానానికీ ఒక హద్దున్నది. తూము పోలిక ప్రకారం ఎత్తు తగ్గితే ప్రవాహం తగ్గవలసి ఉండగా, మోటారులో కరెంటు పెరిగిందనటం ఎట్లా పొసగుతుంది? మోటారు ఉత్త తూము కాదు. తిరుగుతున్న మోటారు తనలో తాను ఒక ఎదురు వోల్టేజిని పుట్టిస్తుంది. లైనులో వోల్టేజి పడిపోయినా బోరు లోతునుంచి ఎత్తవలసిన నీటి బరువు తగ్గదు. మోటారు వేగం కొంత తగ్గుతుంది. ఎదురు వోల్టేజి సన్నగిల్లుతుంది. అప్పుడు మోటారు లైను నుంచి మరింత కరెంటును లాగుకుంటుంది. చేయవలసిన పని మారకుండా 400 వోల్టులు 300కు దిగితే, స్థూలంగా లెక్కకట్టినా కరెంటు మూడోవంతు పెరగాలి. తీగలో పుట్టే వేడి కరెంటు వర్గాన్ని అనుసరిస్తుంది గనుక అది ఇంచుమించు ఒకటిముప్పావు రెట్లవుతుంది. వైండింగు మాడటానికి అది చాలును. ఈ సంగతి అర్థమైన ఇంట్లో వోల్టేజి తక్కువున్న వేళ మోటారును ఆపివేస్తారు. స్టార్టరులోని ఓవర్‌లోడ్ రిలేను సరిగా అమర్చుకుంటారు. పరిభాష పండిత వినోదం కాదనటానికి వేరే నిదర్శనం అక్కరలేదు.

మెరుపూ, గడ్డిపరకా

ఎలక్ట్రానిక్స్ అనే శాస్త్రనామానికి మూలం ఎలక్ట్రాన్. 1891లో ఐర్లండు దేశీయుడైన జాన్‌స్టన్ స్టోనీ ఆ పేరు పెట్టాడు. 1897లో జె. జె. థామ్సన్ ఆ కణం ఉనికిని ప్రయోగపూర్వకంగా చూపాడు. పేరు మాత్రం అతి ప్రాచీనమైనది. యుగాల క్రిందటి చెట్ల బంక గట్టిపడి ఏర్పడిన పసుపుపచ్చని రాయిని గ్రీకులు ఎలెక్ట్రాన్ అన్నారు. దానిని ఉన్నిగుడ్డతో రుద్దితే గడ్డిపరకలను తనవైపు లాగుతుంది. సంస్కృతంలో దాని పేరు తృణమణి. పారసీకంలో కహ్రుబా, అనగా గడ్డిని హరించేది. ఎంత దూరపు జాతులైనా ఆ రాయిలో చూసిన వింత ఒక్కటే.

విద్యుత్తుకు పేరు పెట్టవలసి వచ్చినప్పుడు యూరప్ ఆ రాయి పేరునే తీసుకున్నది. తెలుగువారు తీసుకున్న విద్యుత్ అనే సంస్కృత పదానికి మెరుపు అని అర్థం. ఉర్దూ పండితులు తీసుకున్న బర్ఖ్ అనే పదానికి కూడా మెరుపే అర్థం. ఈ సంగతి చెప్పిన తరువాత ఎలక్ట్రిసిటీ అనే మాట విద్యార్థికి పరాయిదిగా తోచదు. విద్యుత్తు అనే మాట కూడా కేవలం పాఠ్యపుస్తకపు మాటగా మిగలదు.

తీగ వార్తకు పెట్టిన పేర్లు ఇంకా ముచ్చటైనవి. టెలిగ్రామును తెలుగువారు కొందరు తంతి అన్నారు, ఉర్దూ పలుకుబడిని అనుసరించి తెలంగాణంలో తార్ అన్నారు. రెండింటికీ తీగ అనే అర్థం. 2013 జూలైలో ఆ సేవ మన దేశంలో ముగిసింది. తీగ లేకుండా వార్త పంపే విద్య వచ్చినప్పుడు ఇంగ్లీషువారు వైర్‌లెస్ అన్నారు. తెలుగు పుస్తకాలు నిస్తంత్రి అన్నవి. హైదరాబాదు రాజ్యంలో ఉర్దూ అధికార భాషగా ఉన్న రోజులలో లాసిల్కీ అన్నారు. లా అంటే లేదు. సిల్క్ అంటే దారం, తీగ. 1935లో నిజాం ప్రభుత్వం చేతికి వచ్చిన దక్కన్ రేడియో ఆ లాసిల్కీ విద్యకు ఫలమే. మూడు పేర్లూ లేని తీగను గురించి చెప్పినవే గాని, ఉన్న తరంగాన్ని గురించి చెప్పినవి కావు. కొత్త వస్తువును చూసిన మనిషి మొదట పాత వస్తువు లేకపోవటాన్నే గమనిస్తాడు కాబోలు! అదే 1935లో మైసూరులో ఎం. వి. గోపాలస్వామి నెలకొల్పిన ప్రసార కేంద్రానికి ఆకాశవాణి అని పేరు పెట్టారు. పురాణాలలో అశరీరంగా వినిపించే పలుకుకు ఉన్న ఆ పేరు, లేని తీగ ఊసెత్తకుండా, వినవచ్చే వాణినే చెప్పింది. తరువాతి కాలంలో అఖిల భారత రేడియోకే ఆ పేరు స్థిరపడింది. నిస్తంత్రి నిఘంటువులో ఉండిపోగా ఆకాశవాణి ఇంటింటి మాట కావటానికి కారణం ఇదే.

మళ్లీ మళ్లీ

తరంగం అనే మాట చెరువుగట్టు మీదనే దొరుకుతుంది. నీటిలో రాయి వేస్తే అలలు బయలుదేరుతాయి. ఒక అల శిఖరానికీ తరువాతి అల శిఖరానికీ నడుమ దూరం తరంగదైర్ఘ్యం. నిలకడ మట్టం నుంచి శిఖరం ఎంత ఎత్తు లేచిందో అది కంపన పరిమితి. ఒక చోట నిలిచి చూస్తే సెకనులో ఎన్ని శిఖరాలు దాటిపోయాయో ఆ సంఖ్య పౌనఃపున్యం. ఈ చివరి మాటకు విద్యార్థులు జంకుతారు. నోరు తిరగదు, విసర్గ ఎక్కడ పెట్టాలో తెలియదు. కాని మాటను విప్పి చూపితే జంకు తీరుతుంది. పునః పునః అంటే మళ్లీ మళ్లీ. మళ్లీ మళ్లీ జరిగే స్వభావం పౌనఃపున్యం. ఫ్రీక్వెన్సీ అనే ఇంగ్లీషు మాటకు కూడా తరచుదనం అనే అర్థం. ఇక దాని కొలమానాన్ని పూర్వం సెకనుకు ఇన్ని సైకిల్స్ అనేవారు. 1887, 88 సంవత్సరాలలో విద్యుదయస్కాంత తరంగాలను ప్రయోగశాలలో పుట్టించి చూపిన హెర్ట్జ్ పేరు 1960లో అంతర్జాతీయంగా స్థిరపడింది.

మనిషి మాటలోని ధ్వని సెకనుకు కొన్ని వందలు మొదలు కొన్ని వేల కంపనాల దాకా ఉంటుంది. దానిని అట్లాగే విద్యుత్ తరంగంగా మార్చి ఆకాశంలోకి పంపరాదా అని తెలివైన విద్యార్థి అడుగుతాడు. తరంగం సెకనుకు మూడు లక్షల కిలోమీటర్లు పోతుంది. 1000 హెర్ట్జ్ తరంగం పొడవు 300 కిలోమీటర్లు. ఏంటెనా తరంగదైర్ఘ్యంలో నాలుగోవంతుకు దరిదాపుగా ఉంటే గాని ప్రసారం చక్కగా సాగదు. ఆ నాలుగోవంతు 75 కిలోమీటర్లు. ఇంచుమించు హైదరాబాదుకూ రామన్నపేటకూ ఉన్న దూరం! అంత పొడవు స్తంభాన్ని ఎవరు నిలబెట్టగలరు?

అందువల్ల మాటను అంతకంటె ఎన్నో రెట్లు వేగంగా కంపించే మరొక తరంగం మీద ఎక్కించి పంపుతారు. ఎక్కించుకున్నది వాహక తరంగం. ఎక్కించే క్రియ మాడ్యులేషన్. రైతు పత్తిని తలమీద మోయక బండిలో వేసి మార్కెటుకు తోలినట్లే ఇది. అక్కడ పత్తిని దించుకొని బండిని విడిచినట్లు, రేడియో యంత్రం మాటను దించుకొని వాహక తరంగాన్ని విడిచిపెడుతుంది. ఆ దించుకొనే పనికి డీమాడ్యులేషన్ అని పేరు.

ఎక్కించే పద్ధతులలో ప్రసిద్ధమైనవి రెండు. వాటికి ఊరి చాటింపు డప్పే ఉదాహరణం. దరువు వేగం మార్చకుండా దెబ్బ బలాన్ని హెచ్చిస్తూ తగ్గిస్తూ సంగతి తెలియజేస్తే అది కంపన పరిమితి మాడ్యులేషన్. ఏఎం అనేది దీనినే. దెబ్బ బలం మార్చకుండా దరువును వడిగానూ నింపాదిగానూ వాయించి సంగతి తెలియజేస్తే పౌనఃపున్య మాడ్యులేషన్. ఎఫ్ఎం అనేది ఇదే. తొలకరి మెరుపులకు ఏఎం రేడియో గరగరమంటుంది. పిడుగు వల్ల పుట్టిన తరంగం వచ్చి దెబ్బ బలంతో కలిసిపోతుంది గనుక యంత్రం దానిని కూడా సందేశమనే భ్రమపడుతుంది. ఎఫ్ఎం యంత్రం బలాన్ని లెక్కచేయదు. వడిని మాత్రమే గమనిస్తుంది. అందుకే అందులో పాట నిర్మలంగా వినిపిస్తుంది.

తెలుగు శ్రోతలకు చిరపరిచితమైన రెండు సంఖ్యలున్నవి: హైదరాబాదు మధ్యతరంగ కేంద్రానిది 738 కిలోహెర్ట్జ్, విజయవాడ కేంద్రానిది 837. అంకెలు తిరగవేస్తే ఒకటి రెండోదవుతుంది. అది యాదృచ్ఛికం. కాని రెండూ తొమ్మిదితో నిశ్శేషంగా భాగింపబడటం యాదృచ్ఛికం కాదు. ఈ ప్రాంతపు మధ్యతరంగ కేంద్రాలను ఒకదానికొకటి అడ్డు రాకుండా తొమ్మిదేసి కిలోహెర్ట్జ్ ఎడంతో అమర్చారు. ఒక్కొక్క కేంద్రానికి దక్కిన ఆ బాట వెడల్పే బ్యాండ్‌విడ్త్ అనే మాటలోని భావం. 738 కిలోహెర్ట్జ్ తరంగం పొడవు సుమారు 406 మీటర్లు. నాలుగోవంతు వంద మీటర్లకు పైచిలుకు. మధ్యతరంగ ప్రసార స్తంభాలు అంత ఎత్తుండటానికి కారణం ఈ భాగహారమే. హైదరాబాదు ఎఫ్ఎం కేంద్రపు 101.9 మెగాహెర్ట్జ్ తరంగం మూడు మీటర్లకు లోపే. నాలుగోవంతు ముప్పావు మీటరు. చెవిలో పెట్టుకొనే ఫోను తీగే దానికి ఏంటెనాగా సరిపోతుంది.

ఏంటెనా అనే మాటకు ఇటాలియన్ భాషలో డేరా నడుమ నిలబెట్టే కొయ్య అనే అర్థం కూడా ఉన్నది. గుడిసెకు నిట్టాడి ఎటువంటిదో అటువంటిది. మార్కోనీ తొలి ప్రయోగాలలో నిలబెట్టిన కొయ్య నుంచి ఆ పేరు రేడియోకు వచ్చిందంటారు. జంతుశాస్త్రంలో బొద్దింక మీసాలకు కూడా ఇంగ్లీషులో అదే పేరు. తెలుగు పుస్తకాలలో స్పర్శశృంగాలు. ఉపాధ్యాయుడు రెండింటినీ ఒకచోట చేర్చి చూపితే చాలును. కీటకం బయటి ప్రపంచాన్ని తడివి తెలుసుకొనే అవయవం ఒకటి. యంత్రం ఆకాశాన్ని తడివి తెలుసుకొనే అవయవం మరొకటి.

ఈ పాఠాన్ని తెలుగు పల్లెలు ఒకప్పుడు కళ్లారా చూసినవి. 1975 ఆగస్టు నుంచి 1976 జూలై వరకు అమెరికా ఉపగ్రహం ఏటీఎస్-6 ద్వారా మన దేశంలో ఆరు రాష్ట్రాల 2,400 గ్రామాలకు టెలివిజన్ కార్యక్రమాలను ప్రసారం చేశారు. ఆంధ్రప్రదేశ్ వాటిలో ఒకటి. ఉపగ్రహం ఒకే బొమ్మతో రెండు భాషల మాటలను పంపగలిగేది. గ్రామాలలో నిలిపిన పది అడుగుల గొడుగు ఏంటెనాలను కోళ్లగూళ్లకు వాడే ఇనుపవలతో తయారుచేశారు. చిల్లులున్న వల తరంగాన్ని ఎట్లా పడుతుందని ఆశ్చర్యపోనక్కరలేదు. ప్రసారం 860 మెగాహెర్ట్జ్. తరంగం పొడవు 35 సెంటీమీటర్లు. వల కన్నులు అంతకంటె ఎంతో చిన్నవి గనుక ఆ తరంగానికి ఆ వల గోడవంటిదే. తరంగదైర్ఘ్యం అనే మాట అర్థమైనవాడికి ఆ వల వింత కాదు.

ఒకే దిక్కు

బావి మోటారు ఎరిగినవారికి ఫుట్‌వాల్వ్ తెలుసు. నీటిని పైకి పోనిస్తుంది, కిందికి జారనివ్వదు. 1904లో ఫ్లెమింగ్ కరెంటును ఒకే దిక్కుకు పోనిచ్చే గాజుబుడ్డి సాధనాన్ని కనిపెట్టినప్పుడు దానికి వాల్వ్ అనే పేరే పెట్టాడు. ఆ పని చేసే సాధనాన్ని తరువాత డయోడ్ అన్నారు. ఇందులో రెండు, దారి అనే గ్రీకు మాటలున్నవి. కరెంటు ప్రవేశించే కొస ఒకటి, వెడలే కొస ఒకటి.

ముందుకూ వెనుకకూ ఊగే కరెంటును ఒకే దిక్కుకు మళ్లించే క్రియకు ఏకదిక్కరణం అని తెలుగులో చక్కని పేరు ఏర్పడింది. దిక్కు అందులో స్పష్టంగా కనిపిస్తున్నది. కాని అచ్చులో ఒక్కొక్కచోట దకారానికి ఒత్తు చేరి ఏకధిక్కరణం అవుతున్నది. ఒక్క ఒత్తుతో దిక్కు ధిక్కారమైంది! విద్యార్థి కరెంటు ఎవరిని ధిక్కరిస్తున్నదో తెలియక ఆ మాటను కంఠస్థం చేస్తాడు. పదం తప్పు కాదు. పదాన్ని విప్పి చూడకుండా ముద్రించటం, చూపకుండా బోధించటం తప్పు.

కొన్ని పేర్లు విప్పినా మేలు చేయవు. విద్యుదావేశాన్ని నిలువచేసే కెపాసిటరుకు క్షమశీలి అన్నవారున్నారు. క్షమతకు సామర్థ్యమనే అర్థం ఉన్న మాట నిజమే. అయినా తెలుగు విద్యార్థి చెవికి క్షమశీలి అంటే ఓర్పు గల సాధ్వి స్ఫురిస్తుంది. పల్లెలో ఫ్యాను బాగుచేసేవాడు దానినే కండెన్సర్ అంటాడు. ఇంగ్లీషు పుస్తకాలు ఏనాడో విడిచిన ఆ పాత పేరు పల్లెలలో ఇంకా బ్రతికి ఉన్నది. అట్లాగే అర్ధవాహకం అన్నంతనే అది సరిగ్గా సగం వాహకమని అనుకోరాదు. రాగి వేడెక్కితే కరెంటుకు దారి కష్టమవుతుంది. సిలికాన్ వేడెక్కితే దారి సులభమవుతుంది. అర్ధ శబ్దంలో ఈ గుణభేదం లేదు. దానిని ఉపాధ్యాయుడే చెప్పాలి.

1947 డిసెంబరులో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో బార్డీన్, బ్రాటెయిన్ అర్ధవాహకంతో ఒక చిన్న సాధనాన్ని చేశారు. షాక్లీ దానిని ముందుకు సాగించాడు. ముగ్గురికీ 1956లో నోబెల్ బహుమానం లభించింది. సంకేతాన్ని బదిలీ చేసే రెసిస్టర్ అనే భావంతో జాన్ పియర్స్ దానికి ట్రాన్సిస్టర్ అని పేరు సూచించాడు. ఆ మాట పల్లెకు వచ్చేసరికి పొలంగట్టున పాడే చిన్న రేడియోకు పేరైంది. లోపలి పూసంత సాధనం పేరు పెట్టె మొత్తానికి చెల్లింది. కరెంటు పదానికి పట్టిన విస్తృతే ఇక్కడా పట్టింది.

గురువూ, లఘువూ

రామన్నపేట రైలుస్టేషను బీబీనగర్, నడికుడి మార్గం మీద ఉన్నది. రైలు సిగ్నలు ఏ ఊరి పిల్లవాడికైనా తెలిసిన వస్తువే. పో అంటుంది లేదా ఆగు అంటుంది. ఈ రెండింటిలో ఒకదానిని ఎన్నుకొనేంత సమాచారమే బిట్. రెండంకెల సంఖ్యామానంలోని ఒక అంకె అనే అర్థంగల ఇంగ్లీషు మాటలను కుదించి జాన్ ట్యూకీ ఈ పేరు కల్పించాడు. 1948లో క్లాడ్ షానన్ ప్రకటించిన సమాచార సిద్ధాంతంలో అది లోకానికి తెలిసింది.

తెలుగు పండితుడికి ఇందులో కొత్త ఏమీ లేదు. ఛందస్సులో ఉన్నవి రెండే గుర్తులు: గురువు, లఘువు. మూడు స్థానాలలో వాటిని ఎన్ని విధాలుగా పేర్చవచ్చునో అన్ని గణాలు. య, మ, త, ర, జ, భ, న, స అని ఎనిమిది. మూడు బిట్లకు కూడా ఎనిమిదే అవకాశాలు. పింగళుడి ఛందశ్శాస్త్రంలోని ప్రస్తారం ఈ లెక్కకే మార్గం. యూనికోడ్ తెలుగు లిపికి కేటాయించిన 128 స్థానాలు ఏడు బిట్ల లెక్క. వ్యాకరణం గంటలో గణవిభజన నేర్చిన విద్యార్థి డిజిటల్ విద్యలో మొదటి మెట్టును అప్పుడే ఎక్కి ఉన్నాడు; ఎక్కినట్లు అతనికి చెప్పినవారు లేరు.

సంకేతానికి శత్రువు రొద. ఇంగ్లీషులో నాయిస్ అనేది చెవికి వినిపించే చప్పుడు మాత్రమే కాదు. సందేశంతో కలిసి దానిని చెరిపే ప్రతిదీ రొదే. జాతరలో చాటింపు వేసేవాడు ఒకే మాటను రెండు మూడు మార్లు చెబుతాడు. ఒకమారు వినపడని అక్షరం రెండోమారు వినపడుతుంది. కావ్యశాస్త్రంలో పునరుక్తి దోషం. సమాచార శాస్త్రంలో అదే రక్ష. సందేశానికి అదనపు బిట్లను జోడించి, దారిలో చెడిన బిట్లను గుర్తించి దిద్దుకొనే ఉపాయాలన్నీ ఆ చాటింపు నీతికి శాస్త్రరూపాలే.

పదకర్తల బాట

తెలుగులో శాస్త్రం చెప్పాలనే సంకల్పం ఈ నేలకు కొత్త కాదు. 1906లో హైదరాబాదులో విజ్ఞానచంద్రికామండలి వెలసింది. దానికి ప్రాణమైన కొమర్రాజు లక్ష్మణరావు మునగాల సంస్థానానికి దివాను. నల్లగొండ సీమ నడుమ ఉన్న ఆ పరగణా అప్పుడు కృష్ణా జిల్లాలోనిది. 1918లో వెలసిన ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూలో ఉన్నత విద్య చెప్పటానికి పూనుకున్నది. అందుకోసం అనువాద శాఖను నెలకొల్పి, శాస్త్రజ్ఞులనూ భాషావేత్తలనూ ఒకచోట కూర్చోబెట్టి వేలాది పదాలను చేయించింది. 1948 తరువాత అక్కడ బోధనాభాష మారటంతో వాటిలో అధికభాగం గ్రంథాలయాలకు పరిమితమైనవి. పదాలు ఎంత చక్కనివైనా తరగతి గదిలో పలికే నోరు లేకపోతే నిలువవని ఆ చరిత్ర చెబుతున్నది. 1961లో ఏర్పడిన కేంద్ర సాంకేతిక పదావళి సంఘం కొలమానాలనూ, వ్యక్తుల పేర్ల మీద ఏర్పడిన మాటలనూ, అంతర్జాతీయ సంకేతాలనూ మార్చకుండా ఉంచి, భావవాచకాలను దేశభాషలలో చెప్పాలని సూత్రీకరించింది. 1968లో స్థాపితమైన తెలుగు అకాడమి ఈ బాటలో పాఠ్యగ్రంథాలనూ పారిభాషిక పదకోశాలనూ వెలువరించింది. 2021లో అఖిల భారత సాంకేతిక విద్యామండలి తెలుగుతో సహా కొన్ని దేశభాషలలో ఇంజనీరింగు బోధనకు అనుమతి ఇచ్చింది. అనుమతి పత్రం మీద ఉన్నది. దానికి ప్రాణం పోయవలసినది ఉపాధ్యాయుడు.

ఆ పని కళాశాలలో కాక ఉన్నత పాఠశాలలోనే మొదలుకావాలి. భౌతికశాస్త్ర ఉపాధ్యాయుడూ తెలుగు ఉపాధ్యాయుడూ నెలకొక గంట కలిసి పాఠం చెప్పగలిగితే ఖర్చు లేకుండానే చాలా మేలు జరుగుతుంది. నల్లబల్ల మీద మూడు వరుసలు గీయవచ్చును. మొదటి వరుసలో ఊళ్లో ఆ వస్తువును ఏమంటారో పిల్లలే చెప్పాలి. రెండోదానిలో తెలుగు పుస్తకపు మాట, మూడోదానిలో రేపు కళాశాలలో వినబోయే మాట. ఆ పైన ఒక్కొక్క మాటనూ విప్పి, మూడూ ఎక్కడ కలుస్తున్నవో, ఎక్కడ విడిపోతున్నవో చూపాలి. పౌనఃపున్యం అన్నప్పుడు మళ్లీ మళ్లీ అనే పలుకు, డయోడ్ అన్నప్పుడు ఫుట్‌వాల్వ్, బిట్ అన్నప్పుడు గురులఘువులు పిల్లల మనసులో మెదలాలి. పదం ఏ భాషదైనా అప్పుడు అది వారిదే.

ఆ మూడు వరుసలలో మొట్టమొదట వ్రాయవలసిన మాట కరెంటు. దాని పక్కన వోల్టేజి. ఈ రెండింటి తేడా గ్రహించిన పిల్ల సాయంత్రం ఇంటికి వెళ్లి, “నాయినా, వోల్టేజి తక్కువున్నప్పుడు మోటరు బందు పెట్టు” అని చెప్పగలిగితే, పరిభాషకు అంతకంటె సార్థకత లేదు.